ఆరు చీరల బొంత

మా ఆవిడ బొంతలు కుడుతుందని నలుగురిలో చెప్పడానికి నేను చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాను. ఎవరైనా అడిగితే "ఏదో మిషను కుట్టుకుంటుంది" అనేవాణ్ణి. జాకెట్లు కుడుతుంది కాబోలనుకుని వాళ్ళు ఊరుకునేవారు. జాకెట్లకు పరువుంది, బొంతకు లేదు. మా కృష్ణా జిల్లాలో బొంత అంటే కట్టుకోవడానికి పనికిరాని గుడ్డలన్నీ కలిపి కుట్టి, లేనివాళ్ళు చలికాలంలో కప్పుకునేది. ఉన్నవాళ్ళ ఇళ్ళల్లోనూ ఉండేది గానీ, చుట్టాలు వస్తే మంచం కిందికి తోసేసేవారు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్ళతో హాలు కిక్కిరిసిపోయేది. మెడలో మైకు తగిలించుకుని పాఠం చెప్పాలి. అలా మైకులో మాట్లాడే మనిషి భార్య పాత గుడ్డలు అతుకుతూ కూర్చుంటుందంటే బాగుండదని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఎవరూ ఆ మాట అనలేదు. అనకముందే నేను తల దించుకున్నాను.

మేము ఎల్బీనగర్ వెళ్ళే దారిలో, పెద్ద రోడ్డుకు నాలుగు సందులు లోపల, ఒక ఇంటి పై పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఆవిడది హయత్‌నగర్ అవతల పల్లె. వాళ్ళకు ఒక్కతే కూతురు, పెళ్ళయి మీర్‌పేట్‌లో ఉండేది.

మా ఆవిడ పని పొద్దున పదింటికి మొదలయ్యేది, నేను క్యారేజీ తీసుకుని వెళ్ళాక. నల్ల మిషనుకు మలక్‌పేటలో ఒక పెద్దాయన చేత మోటారు పెట్టించుకుంది. గుడ్డ కోసం కొత్త తానులు కొనేది కాదు. దిల్‌సుఖ్‌నగర్ టైలర్ల దగ్గర మిగిలిన ముక్కలు, మా పాత లుంగీలు, తన చీరలు, ఎవరైనా తెచ్చిచ్చే దుప్పట్లు. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, రంగు రంగుగా విడదీసి అట్టపెట్టెల్లో పెట్టుకునేది. తను కుట్టిన బొంతలు అమ్మేది కాదు. ఎవరికి ఏది నప్పుతుందో ఆలోచించి ఇచ్చేది. ఇంట్లో కంప్యూటరు వచ్చాక ఎక్కడెక్కడి ఆడవాళ్ళో మిషను మీద బొంతలు కుట్టడం చూసి ఇంకా నేర్చుకుంది. వాళ్ళ భాష అర్థం కాకపోయినా వాళ్ళ చేతులు అర్థమయ్యేవి.

ఇవన్నీ నాకు తెలిసింది తెలంగాణ ఉద్యమం పుణ్యాన. ఆ ఏడాది సమ్మె రోజుల్లో బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, మా సెంటర్‌కు తాళం పడింది. నా విద్యార్థుల్లో సగం మంది రోడ్ల మీద ఉన్నారు. ఇంట్లో కూర్చోవడం నాకు అలవాటు లేదు. రెండు రోజులు పేపరు చదివాను. మూడో రోజు, చదవడానికి ఇంకేమీ లేక, మా ఆవిడ చేసే పని చూశాను.

బొంతకు మూడు పొరలు. పైన అతుకుల ముఖం, మధ్యలో పాత కాటన్ దుప్పటి, కింద లైనింగ్. మూడూ నేల మీద పరిచి, ముడత లేకుండా లాగి, జానెడు దూరానికో పిన్నీసు పెట్టేది. తర్వాత దాన్ని రెండు వైపుల నుంచీ చాపలా చుట్టి, ఆ చుట్టను మిషను చెయ్యి కింద దూర్చేది. మధ్యలో మొదలుపెట్టి అంచులకు పోవాలి. అంచుల నుంచి మధ్యకు వస్తే ముడతంతా నడుమ ఇరుక్కుంటుంది. మామూలుగా సూది కింద ఉండే పళ్ళు గుడ్డను ముందుకు లాగుతాయి. ఆ పళ్ళ మీద ఆవిడ ఒక ప్లాస్టిక్ కార్డు ముక్క అంటించి, మధ్యలో సూదికి చిల్లు పెట్టింది. ఇక గుడ్డ తనంతట తాను కదలదు. చేతులే దాన్ని నడిపించాలి. కాలు ఎక్కువై చెయ్యి తగ్గితే కుట్లు చీమల బారులా ముద్దకడతాయి. చెయ్యి ఎక్కువై కాలు తగ్గితే కాకి అడుగుల్లా ఎడంగా పడతాయి. ఆవిడ కుట్లన్నీ బియ్యపు గింజంత పొడవున, ఒక్క తీరుగా పడేవి.

ఇంకో సంగతి చూసి నేను పేపరు పక్కన పెట్టేశాను. బొంత మీద ఆవిడ వేస్తున్నది మెలికల ముగ్గు. ముగ్గులోలాగే గీత ఎక్కడా తెగదు. సూది ఎత్తకుండా, దారం తెంపకుండా, నడుమ ఒక చోట మొదలై ప్రతి చుక్కనూ చుట్టి మళ్ళీ మొదలైన చోటికే వస్తుంది. ఏ బొమ్మను చెయ్యి ఎత్తకుండా గీయొచ్చో, దేన్ని గీయలేమో చెప్పే లెక్క ఒకటుంది. నేను అది బోర్డు మీద చెప్పగలను. ఆవిడ చుక్కలు పెట్టకుండానే ముగ్గు నడుపుతోంది.

"చుక్కలు ఎక్కడున్నాయి?" అన్నాను.

"ఉన్నాయిగా" అంది తల ఎత్తకుండా. "మీకు కనిపించవు."

నా తెలివి కూడా చూపించాలనిపించింది. మరో బొంతకు ఎన్ని ముక్కలు కావాలో లెక్క వేసి ఇస్తానన్నాను. ఆరంగుళాల చదరాలు, అడ్డానికి పన్నెండు, కాబట్టి డెబ్బై రెండు అంగుళాల వెడల్పని కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ ఆ కాగితం చూసి, ముక్కలు కోసింది. అడ్డంగా ఒక వరస కుట్టి నా ముందు పరిచి టేపు చేతికిచ్చింది. కొలిస్తే దాదాపు అరడుగు తక్కువ వచ్చింది. ముక్కకూ ముక్కకూ అతికేటప్పుడు ప్రతి అంచూ పావు అంగుళం లోపలికి పోతుంది. నా లెక్కలో కుట్టు లేదు.

"బోర్డు మీదైతే సరిపోతుంది లెండి" అంది. చాలా రోజుల తర్వాత ఇద్దరం గట్టిగా నవ్వుకున్నాం.

ఆ నవ్వు తర్వాత వారానికే నేను చేసిన పని గురించి ఇప్పుడు రాయాలి.

ఒక సాయంత్రం ఇంటావిడ గళ్ళ తువ్వాలులో కట్టిన మూటతో పైకి వచ్చింది. మా ఆవిడను ఆవిడ చెల్లె అనేది, నన్ను సార్ అనేది. మూట మంచం మీద పెట్టి, పక్కనే కూర్చుంది.

"చెల్లె, గివి మా అమ్మ చీరలు. ఆరున్నయి. పోయినేడు పోయింది గద, ఊళ్ళె అందరు ఎవరికన్న ఇచ్చేయమన్నరు. సచ్చినోళ్ళ బట్టలు ఇంట్ల పెట్టుకుంటరా అన్నరు. నేనే ఇయ్యలె."

"మంచి పని చేశారక్కా" అంది మా ఆవిడ.

"మా బిడ్డకు నెలలు నిండుతున్నయి. మా అమ్మ ఎప్పుడు అనేది, మనవరాలికి పిల్ల పుడితె నా చీరల మీదనే పండవెట్టాలె అని. పుట్టినోళ్ళకు పాత చీరంత మెత్తగ ఇంకేది ఉండదు గద. నువ్వు బొంత కుట్టియ్యి. జర పెద్దగ కుట్టు. ఇరవైఒకటో నాడు ఉయ్యాలల ఏసేటాల్లకు కావాలె, బడికి పోయేదాక పనికి రావాలె."

మా ఆవిడ మూట విప్పింది. నేత చీరలు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి రంగులు మెత్తబడ్డాయి. అన్నిటికీ పైన ముదురు ఎరుపుది, పసుపు అంచుది ఉంది. ఇంటావిడ దాన్ని ఒకసారి ముఖానికి ఆనించుకుని మళ్ళీ మడిచింది.

"ఇది ముందటికి రావాలె" అంది. "కండ్ల ముందట ఉండాలె."

ఇదంతా నేను కుర్చీలో కూర్చుని విన్నాను. ఏ మూట, ఎవరిది, ఎందుకు ఇచ్చింది, అన్నీ విన్నాను. ఆ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగాను. సమ్మెలో ఉన్న ఇంటాయన గేటు దగ్గర అరుగు మీద మరో నలుగురితో కూర్చున్నాడు. మాటకు మాట అతికించడంలో ఆయన దిట్ట.

"ఏం సార్, తెలంగాణ ఒస్తె మీరు ఉంటరా, పోతరా?"

"చూద్దాం" అన్నాను.

"చూసుడేంది సార్! లెక్కల సార్ గద మీరు, లెక్క తేల్చి చెప్పాలె. మేం టు-లెట్ బోర్డు రాయించుకోవాలె గద!"

అరుగంతా నవ్వింది. ఒకాయన "బోర్డు మీద సార్ తోటే రాయియ్యి, రాత మంచిగుంటది" అన్నాడు. మళ్ళీ నవ్వారు. ఇంటాయనా నవ్వుతూనే అన్నాడు. నా స్కూటర్ స్టార్టు కాకపోతే తనే లుంగీ ఎగగట్టి వచ్చి ప్లగ్గు తుడిచి పెట్టే మనిషి. ఆ ఉదయం కూడా నా చేతిలో ఖాళీ సంచి చూసి, పాలు ఏ దుకాణంలో దొరుకుతాయో చెప్పింది ఆయనే. అయినా నాకు నవ్వు రాలేదు. నిజానికి ఆ ప్రశ్న నేనే రోజూ లోలోపల వేసుకుంటున్నాను. నాకే జవాబు తెలియని ప్రశ్న ఇంకొకరు నవ్వుతూ వేశారని నాకు కోపం. ఏదో ఒకటి అని తిరిగి నవ్వించొచ్చు. నేను పాలు కూడా తేకుండా, ఆ మాటను మోసుకుంటూ మెట్లెక్కాను.

మా ఆవిడ, ఇంటావిడ కలిసి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు నడిచి వెళ్ళారు, కడుపుతో ఉన్న పిల్లకు దానిమ్మలు తేవాలని. అప్పుడే సందులో కేక వినిపించింది.

"పాత బట్టలకు స్టీలు సామాన్లూ..."

ఇది మన ఊళ్ళన్నిటిలోనూ ఉన్న బేరమే. తల మీద గంపలో గిన్నెలు, చంకన బట్టల మూట. పాత చీరకో లోటా, నాలుగు ప్యాంట్లకో బేసిన్. ఈ బేరం ఆడవాళ్ళది. గిన్నెను వేలితో కొట్టి చప్పుడు వినడం, "ఈ మాత్రం దానికి రెండు చీరలా" అని గంప ఎత్తి పోకుండా ఆపడం, అదంతా ఒక విద్య. మగవాళ్ళు ఆ వైపు రారు. నేను పిలిచాను. చిరుగుపట్టిన రెండు ప్యాంట్లు తెచ్చి, గంప దించిన ఆవిడ ముందు వేశాను.

"రెంటికి గీ గంటె ఒస్తది సార్" అంది.

"ఆ డబ్బా ఇవ్వు."

"డబ్బాకు యాడ సరిపోతయి? ఇంకేమన్నుంటె తే."

లోపలికి వెళ్ళాను. మిషను పక్కన గళ్ళ తువ్వాలు మూట ఉంది. ఎవరిదో తెలుసు. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు. 'టు-లెట్ బోర్డు' అన్న నవ్వు చెవిలో మోగుతూనే ఉంది. ఆ నవ్వుకు నేను ఇచ్చుకున్న జవాబు ఆ మూట. తీసుకొచ్చి మెట్ల మీద పెట్టాను. విప్పలేదు. విప్పితే నేనే చూడాల్సి వస్తుంది.

ఆవిడే విప్పింది. చీరలను వేళ్ళ మధ్య నలిపి చూసింది. "మంచిగ పెట్టుకున్న చీరలు. అమ్మను అడిగినవా సార్?"

"అడిగాను."

"మల్ల నాకు కిరికిరి గావొద్దు."

"కాదు" అన్నాను. డబ్బా తీసుకున్నాను.

మా ఆవిడ వచ్చి చేతి సంచి దించి, గది అంతా ఒకసారి చూసింది. "ఏమండీ, మిషను పక్కన మూట తీశారా?"

"ఏ మూట?"

"కిందావిడ చీరల మూట."

"అదా! పాత గుడ్డలనుకుని స్టీలు సామాన్లావిడకు వేసేశాను. నువ్వు చెప్పొద్దూ?"

ఇవ్వడం ఒక తప్పు. 'నువ్వు చెప్పొద్దూ' అనడం అంతకంటే పెద్ద తప్పు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. మూడు సందులు తిరిగి, చెమటతో వచ్చి, కాసేపు మెట్ల మీద కూర్చుంది. తర్వాత కిందికి దిగింది. నేను మెట్ల మలుపులో నిలబడి విన్నాను.

"అక్కా, నా వల్ల పొరపాటు జరిగింది. నా పాత గుడ్డల మూటనుకుని మీ మూట స్టీలు సామాన్లకు వేసేశాను."

చేతిలోని గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"గళ్ళ తువ్వాల్దా?"

"అవునక్కా."

"అండ్ల మా అమ్మ ఎర్ర చీర..."

"అవును."

"నువ్వు గట్ల చేసేదానివి గాదు చెల్లె" అంది ఇంటావిడ. కోపంతో కాదు, నమ్మలేక. తర్వాత తలుపు మెల్లగా మూసుకుంది.

పైకి వచ్చాక అడిగాను, నా తప్పు నీ మీద ఎందుకు వేసుకున్నావని.

"మీరిచ్చారంటే ఆ ఇంట్లో మాట ఇంకో దారి పడుతుంది. గేటు దగ్గర ఆయనన్న మాట, మీరిచ్చిన మూట, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. నేనైతే ఒట్టి పొరపాటు." కొంచెం ఆగి నా వైపు చూసింది. "పొరపాటే కదండీ?"

నేను అవునని అనలేకపోయాను. కాదనీ అనలేదు. ఆవిడ లేచి మిషనుకు గుడ్డ కప్పింది.

అంతకుముందు నాకు చిరాకుగా ఉండే ఆ మిషను చప్పుడు లేక రెండు రోజులు నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. కింది నుంచి ఎవరూ పైకి కేక వెయ్యలేదు. మా ఆవిడ నీళ్ళు పట్టుకోవడానికి దిగినప్పుడు ఇంటావిడ పలకరించేది. మునుపటిలా నిలబడి మాట్లాడేది కాదు. పిల్లకు నొప్పులు ఎప్పుడైనా రావచ్చని అంటున్నారు.

మూడో రోజు ఆ డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరాను. ఆటోలు లేవు. ఎల్బీనగర్ రోడ్డు మీద షట్టర్లన్నీ దించి ఉన్నాయి. చౌరస్తాలో జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. నా పాత విద్యార్థి ఒకతను గంటె పట్టుకునే "సార్, తిని పోన్రి" అని పిలిచాడు. తల ఊపి తప్పుకున్నాను. స్టీలు గంప కనపడిన ప్రతి సందులోనూ అడిగాను. నలుగురైదుగురు నవ్వాక ఒకావిడ చెప్పింది, తమవాళ్ళు బట్టలన్నీ మలక్‌పేట దాటాక మూసీ పక్క బస్తీలో ఏరుతారని. అక్కడికి నడిచి వెళ్ళాను.

ఒక రేకుల షెడ్డు ముందు బట్టలు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. కట్టుకోదగ్గవి ఒక కుప్ప, జరీవి ఒకటి, కాటన్‌వి ఒకటి. మా సందుకు వచ్చిన మనిషి అక్కడే కూర్చుని గుండీలు పీకుతోంది. నన్ను గుర్తుపట్టి చేతిలో పని ఆపింది.

"ఏందీ, డబ్బా కారుతున్నదా?"

"ఆ చీరలు కావాలి. అవి మావి కావు."

"నేను ఆనాడే అడిగిన గద, అమ్మను అడిగినవా అని!"

"అబద్ధం చెప్పాను."

ఆవిడ పక్కవాళ్ళ వైపు తిరిగి గట్టిగా అంది. "ఇన్నరా? ఇచ్చిన బట్టలు ఎన్కకు అడగొచ్చిన్రు సార్. ఇన్నేండ్లల్ల గిట్లాంటి బేరం నేను సూడలె." వాళ్ళంతా నవ్వారు. ఈసారి ఆ నవ్వు నాకు న్యాయంగానే తోచింది.

నవ్వుతూనే లేచి వెతికింది. మెత్తటి కాటన్ చీరలు మెకానిక్ షెడ్లకు పోతాయట, యంత్రాలు తుడుచుకోవడానికి. నాలుగు చీరలు మడత విప్పకుండా దొరికాయి. ఐదోదాన్ని అప్పటికే అరచేతి వెడల్పు పేలికలుగా చింపి కట్ట కట్టారు. ఎర్రది లేదు.

"మంచి రంగున్నవి నిలువయి సార్. వొచ్చిననాడే పోతయి. ఎవరు కొన్నరో ఎవరికెరుక?"

సాయంత్రం దాకా కుప్పలన్నీ నేనే తిరగేశాను. ఎర్రవి చాలా కనిపించాయి. పసుపు అంచుది కనిపించలేదు. ఆవిడ డబ్బా వెనక్కి తీసుకుని, చీరలు, పేలికల కట్ట నా సంచిలో కుక్కింది. "పో సార్. ఇంగ మొగోళ్ళతోటి నేను ఈ బేరం జెయ్య" అంది.

ఇంటికి వచ్చేసరికి ఇంటాయన అరుగు మీద ఒక్కడే కూర్చుని మిక్సీ విప్పుతున్నాడు. ఇంటావిడ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. పైకి వెళ్ళి మా ఆవిడకు ముందు చెబితే ఆవిడ మళ్ళీ ఏదో ఒక దారి వెతికి నన్ను తప్పిస్తుందని తెలుసు. అక్కడే ఆగాను.

"చీరలు ఇచ్చింది మా ఆవిడ కాదు. నేను. అవి ఎవరివో తెలిసే ఇచ్చాను. మొన్న ఈయనన్న మాటకు కోపమొచ్చి ఇచ్చాను. నాలుగు దొరికాయి. ఒకటి చింపేశారు. ఎర్రది దొరకలేదు."

ఇంటాయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఏ మాట సార్?"

నేను చెప్పాను. ఆయనకు గుర్తు లేదు. గుర్తు చేసుకోవడానికి కాసేపు పట్టింది. "అరే, నేను ఎగతాళికన్న" అన్నాడు. ముఖం చిన్నబోయింది.

ఇంటావిడ చేట పక్కన పెట్టి చెయ్యి చాపింది. సంచి తీసుకుని, చీరలు ఒక్కొక్కటే బయటికి తీసి ఒడిలో పెట్టుకుంది. పేలికలు చూసింది. చివరికి నా వైపు చూసింది.

"మాటకు మాట అనాలె సార్. మీకు నోరు లేదా? ఆయన ఒకటంటె మీరు రెండనున్రి. మా అమ్మ చీరలేం జేసినయి?"

ఆవిడ అన్నీ మళ్ళీ సంచిలో పెట్టుకుని మా ఆవిడ దగ్గరికి మెట్లెక్కింది. నేను వెనకాలే వెళ్ళలేక అరుగు మీద కూర్చున్నాను. ఇంటాయన మిక్సీ బిగించడంలో పడ్డాడు. బిగించాక, "ఛాయ్ తాగుతరా?" అన్నాడు.

నేను పైకి వెళ్ళేసరికి మా ఆవిడ పేలికలను నేల మీద పరిచి ఇస్త్రీ చేస్తోంది. నా వంక చూడకుండా, "మీరు చెబుతారో లేదోనని చూశాను" అంది. తర్వాత ఇంటావిడతో, "ఇవి చింపినందుకు బాధపడకండక్కా, ఎలాగూ ముక్కలు చెయ్యాల్సిందే. చుట్టూ అంచుకు ఇవే సరిపోతాయి. ఎర్రదాని చోట నా చీర ఒకటి వెయ్యనా?" అంది.

"వద్దు చెల్లె" అంది ఇంటావిడ. "ఉన్నకాడికే కుట్టు. చిన్నగైతె చిన్నగనే కానీ. లేనిది ఉన్నట్టు చెయ్యొద్దు."

ఆ బొంత కుట్టిన పది రోజులూ నాకు ఆ ఇంట్లో ఒక పని దొరికింది. మిషను వెనక నిలబడి బొంత బరువు ఎత్తి పట్టుకోవడం. బరువు కిందికి వేలాడితే సూది వంగుతుంది, కుట్టు గుంజుకుపోతుంది. అక్కడ నిలబడితే ఆవిడ చేతులు ఎదురుగా కనిపిస్తాయి. పేలికల్లో కొన్ని ఈనెలా సన్నగా ఉన్నాయి, కొన్ని వంకరగా చిరిగాయి. ఆవిడ వాటిని సరిచెయ్యడానికి ఒక్క అంగుళం గుడ్డ కూడా పారెయ్యలేదు. వంకరను వంకరకు ఎదురుపెట్టి అతికితే రెండూ కలిసి తిన్ననయ్యాయి. పాత చీర పోగు బలహీనమని సన్న సూది మార్చింది, దారం బిగువు తగ్గించింది. నాకెప్పుడూ తట్టని జాగ్రత్తలవి. నేను మైకులో అరిచి చెప్పినవి ఎంతమందికి మిగిలాయో తెలియదు. ఆవిడ ఒక్క మాట లేకుండా ఒక ముసలమ్మ ఒంటికి అంటుకున్న గుడ్డను, ఆ ముసలమ్మ ఎన్నడూ చూడని పిల్ల ఒంటికి చేరుస్తోంది. అంతకంటే గొప్ప పని నేను నా జన్మలో దగ్గరుండి చూడలేదు. ఇంటావిడ రోజూ వచ్చి పక్కన కూర్చునేది. మా ఆవిడతో మాట్లాడేది. నాతో, "జర పైకి పట్టున్రి" అని తప్ప ఏమీ అనేది కాదు.

ఆడపిల్ల పుట్టింది. ఇరవైఒకటో రోజున కింది హాల్లో ఉయ్యాల కట్టారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. బొంత ఉయ్యాలకు సరిపోయింది. బడికి పోయేదాకా సరిపోదని చూస్తేనే తెలుస్తోంది. ఊరి నుంచి వచ్చినవాళ్ళలో ఇంటావిడ చిన్నమ్మ, చనిపోయిన ఆవిడకు స్వయానా చెల్లెలు, ఉయ్యాల దగ్గర కూర్చుని బొంతను వేళ్ళతో తడిమింది.

"ఇది నాట్లకు పోయేటప్పుడు కట్టేది. ఇది నా బిడ్డ పెండ్లిల కట్టింది. గిది..." అంటూ ఒక్కో ముక్క దగ్గరా ఆగింది. మెలికల కుట్టు మీద వేలు పెట్టి చివరి దాకా నడిపించి, "ఎవరే గిది కుట్టింది? యాడ మొదలువెట్టిందో కూడ కనవడ్తలేదు" అంది. మా ఆవిడ ముఖం వెలిగింది. ఆ వెంటనే ముసలమ్మ తల ఎత్తింది. "మా అక్క ఎర్ర చీర ఏది?"

ఇంటావిడ నా వైపు చూడలేదు. "అది లేదు చిన్నమ్మా" అని ఊరుకుంది. అక్కడితో ఆ మాట ఆగిపోయేది. మా ఆవిడ నోరు తెరవబోవడం చూసి నేను లేచాను.

"అది నేను పోగొట్టానమ్మా. కోపంతో ఇచ్చేశాను. వెతికాను, దొరకలేదు."

హాలంతా నా వైపు తిరిగింది. ముసలమ్మ కళ్ళు చికిలించి చూసింది. "ఎవరీయన?"

"పైన కిరాయికుంటరు. లెక్కల సార్" అన్నాడు ఇంటాయన.

"చెప్పినవు, మంచిదే. చెప్పినంత మాత్రాన చీరైతె రాదు గద."

"రాదమ్మా."

"అట్లయితె గిట్లొచ్చి కూసో. అది ఎసుంటి చీరనో నీకెరుకనా? పోగొట్టినోనికైన ఎరుకుండాలె."

వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. అందరూ భోజనాలకు లేచారు. ఆవిడ నన్ను లేవనివ్వలేదు. ఆ చీర నేసినాయన ఊళ్ళోకి సైకిల్ మీద వచ్చేవాడట. మొదట అడిగింది చిన్న చెల్లెలు, అంటే ఈవిడే. మొండికేసి దక్కించుకున్నది అక్క. అది కట్టుకుని మొదటిసారి బతుకమ్మ ఆడిన ఏడు వాన పడి, ఎరుపు దిగి పసుపు అంచుకు ఒక చోట గులాబీ మచ్చ పడిందట. ఆ మచ్చ కనపడకుండా కుచ్చిళ్ళలోకి మడిచి కట్టేదట. భర్త పోయాక ఎరుపు కట్టకూడదని పెట్టెలో పెట్టేసి, పనికి పోని రోజున తీసి ఎండలో ఆరేసి, మళ్ళీ మడిచి పెట్టుకునేదట. చెల్లెలు వచ్చినప్పుడల్లా "నీకియ్య పో" అని ఏడిపించేదట. చెబుతూ చెబుతూ ముసలమ్మ నవ్వింది, ఏడ్చింది, మధ్యలో పిల్ల లేస్తే ఉయ్యాల ఊపింది.

తర్వాత చాలా ఏళ్ళు మేము ఆ ఇంట్లోనే ఉన్నాం. పిల్ల కాస్త పెద్దదై, అమ్మమ్మ ఇంటికి వచ్చినప్పుడు ఆ బొంత ఎవరిదని అడిగితే, ఇంటావిడ అన్ని చీరల కథలూ తనే చెప్పేది. ఎర్ర చీర దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "పైకి పో, సార్ తాతను అడుగు, ఆయనకే ఎరుక" అని మా మెట్ల వైపు పంపించేది.